పేరుకు ముందు ఆగే చోటు

దాలమ్మత్త తన మొగుడి పేరు పలికిన రోజున ఆ మాటను నేను రెండుసార్లు విన్నాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి విన్నాక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను.

అప్పటికి ఉదయం పదకొండయింది. ముందురోజు సాయంత్రం వచ్చిన అరవై రెండు డైరీల్లో అది ముప్పై ఒకటోది. చెవులు అప్పటికే వేడెక్కి ఉన్నాయి.

“కన్నమ్మ, గురువమ్మ, పున్నయ్య, సూరిబాబు,” అని మొదలుపెట్టింది ఆవిడ. “మడిలో నీల్లు బాగా ఇంకినాయి. రేపు ఉప్పు లాగొచ్చు. మద్దేనం పున్నయ్య గొడుగు మరిసిపోయి ఎలిపోనాడు, నానే పట్టుకెల్లి ఇచ్చినాను. మోకాలు నొప్పి అలగే ఉన్నాది. ఇంకేటి నేదు.”

అంతే. కొత్త సంగతేమీ లేదు. పక్క తెర మీద ఆవిడ పేరు ఎదురుగా ఆకుపచ్చ గుర్తు ఉంది. జబ్బు లేదు, క్రితం నెల కంటే మెరుగు అని దాని అర్థం.

నా పని వినడం. మా సంస్థ విశాఖపట్నంలో కొండవాలున ఉంది. అక్కడ డాక్టర్ ఇందుమతి గారు కనిపెట్టిన సంగతి ఒక్కటే. మనిషికి మతిమరుపు జబ్బు వస్తున్నట్టు ఇంట్లోవాళ్ళు గమనించడానికి ఐదారేళ్ళ ముందే అది మాటలో కనిపిస్తుంది. మాట తప్పుగా రావడం కాదు. ఎవరిదైనా పేరు నోటికి వచ్చే ముందు వెంట్రుకంత ఖాళీ పడుతుంది. వినేవాళ్ళకు తెలియదు, చెప్పేవాళ్ళకూ తెలియదు. ఆ ఖాళీలను కొలిచే యంత్రానికి కాగితాల మీద పొడుగాటి పేరుంది. మేం జల్లెడ అనేవాళ్ళం.

జల్లెడకు రోజూ మాటలు కావాలి. అందుకని మిరియపు గింజంత నల్లటి పూస తయారుచేశారు. మెడలో దారానికి కట్టుకోవచ్చు. సాయంత్రం ఆరుంబావుకి అది సన్నగా కూసి, “ఇవాళ మీతో పనిచేసినవాళ్ళ పేర్లు చెప్పండి. తర్వాత మీ రోజు ఎలా గడిచిందో చెప్పండి,” అంటుంది. వాళ్ళు చెప్తారు. అది పంపిస్తుంది. రోజూ ఒకే పని, ఒకే మనుషుల మధ్య చేసేవాళ్ళ మాటల్లో అయితే తేడా తొందరగా దొరుకుతుందని డాక్టరు గారు ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళను ఎంచుకున్నారు. టెక్కలి అవతల, సముద్రపు కాలవ పక్కన ఉప్పలపేట. మాది దానికి రెండు ఊళ్ళివతల. వాళ్ళ మాట తెలిసిన మనిషి కావాలన్నారు కాబట్టి నాకీ ఉద్యోగం వచ్చింది.

జబ్బుకి మందు కూడా ఉంది. వాళ్ళే దానికి గట్టు మందని పేరు పెట్టారు. మడికి గట్టు వేస్తే ఉన్న నీళ్ళు నిలబడతాయి, అప్పటికే కాలవలోకి పోయిన నీళ్ళు వెనక్కి రావు. ఆ మందూ అంతే. పోయింది తేదు, ఉన్నది పోనివ్వదు. అదీ జబ్బు ఒక గీత దాటకముందు వేస్తేనే. ఎవరు గీతకు దగ్గరవుతున్నారో జల్లెడ చెప్పాలి. జల్లెడ చెప్పినవాళ్ళ పేరే జాబితాలోకి ఎక్కుతుంది.

దాలమ్మత్త పేరు ఎదురుగా ఆకుపచ్చ గుర్తు ఎందుకుందో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అది నా మూలానే వచ్చింది.

మొదటి రోజున అందరి చేతా ఒప్పుదల చెప్పించాలి. సంతకాలు కాదు, గొంతుతో. నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు, మా ఆయన పేరు ఫలానా, నా ఇష్టం మీదే మాట్లాడుతున్నాను అని. ఉప్పు కొట్టు నీడలో ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. అందరి పాదాలూ తెల్లగా పగిలి ఉన్నాయి. మొదట దాలమ్మత్త మెడలో పూస కట్టాను. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఆగిపోయింది.

“చెప్పు అత్తా,” అన్నాను.

“ఏటి సెప్పాల?”

“మావ పేరు.”

“నీకు తెల్దేటి?”

“తెలుసు. నువ్వు చెప్పాలి.”

“నానెలగ సెప్తానే గుంటా. మనిసికి ఆయుస్సు తరిగిపోదేటి?”

పక్కన కన్నమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. “పెల్లినాడు గుమ్మంలో ఆడబడుసులు అడ్డుకుంటేనే పొద్దోయేదాకా నిలబడిపోనాది. ఆకలేసి ఆల్లే ఒగ్గీసినారు. నీకు సెప్తాదా?”

“సెప్పేకే ఒగ్గీసినారు,” అంది దాలమ్మత్త. “సెప్పినాను గదా ఆ పాలి.”

“ఎవులికి ఇనబడింది?”

తట్ట కింద పెట్టి వాళ్ళ మాటలు వింటున్న ఒక పొడుగాటి మనిషి నా దగ్గరికొచ్చి, “పున్నయ్య. రాసుకో అమ్మా,” అన్నాడు. తన పేరు తనే చెప్పుకున్నాడు. అందరూ నవ్వారు. దాలమ్మత్త తల దించుకుని పూసను తిప్పుతూ కూర్చుంది.

నెల తిరిగేసరికి జల్లెడ ముప్పై ఎనిమిది మంది పెళ్ళయిన ఆడవాళ్ళలో ముప్పై నలుగురికి జబ్బు ఉందని చెప్పింది. సంస్థలో కలకలం పుట్టింది. ఉప్పు గాలిలో ఏదైనా ఉందేమోనని నీళ్ళూ మట్టీ తెప్పించారు. డాక్టరు గారు రెండు రోజులు సరిగా తిండి తినలేదు. నేను మూడో రోజున ఆవిడ గది గుమ్మం దగ్గర నిలబడి, “మేడమ్, అది జబ్బు కాదు,” అన్నాను.

ఇవాళ ఎవరితో పనిచేశారో చెప్పమంటే వాళ్ళు అందరి పేర్లూ చెప్పి, మొగుడి దగ్గరికి వచ్చేసరికి ఆగుతారని చెప్పాను. ఆగి, మా ఇంటాయన అనో, ఫలానా గుంటడి బాబు, అంటే ఫలానా పిల్లాడి నాన్న అనో అంటారు. పేరొక్కటే కాదు. దాలమ్మత్త పున్నమి అని కూడా అనదు. పోటు గురించి చెప్పేటప్పుడు నిండు సెందురుడి నాడు అంటుంది. ఆ మాట వెతుక్కోవడానికి మరో చిన్న ఖాళీ పడుతుంది. జల్లెడకు ఇవన్నీ మరుపులాగే కనిపిస్తాయి.

డాక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. నాకు టీ తెప్పించారు. ఆ వారమంతా కూర్చుని ముప్పై ఎనిమిది మంది మొగుళ్ళ పేర్లూ, ఆ పేర్ల మూలాన వాళ్ళు పలకని మాటలూ రాసిచ్చాను. జల్లెడకు ఒక కత్తెర అమర్చారు. ప్రతి డైరీలోంచీ ఆ చోట్లను ముందే కత్తిరించి పక్కన పడేసి, మిగిలినదాన్నే కొలుస్తుంది, మాకు వినిపించేదీ అదే. ముప్పై నాలుగు ఎర్ర గుర్తులు ఒక్క పూటలో ఆకుపచ్చ అయ్యాయి.

అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను, డాక్టర్లకి తెలియంది నేను చెప్పానని. గొప్ప చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఆ ఒక్కసారే.

*

పదిహేను రోజులకొకసారి ఉప్పలపేట వెళ్ళి పూసలు తుడిచి, ఒక్కొక్కరితో పెద్ద ఇంటర్వ్యూ చేయాలి. ఆ వారం నా వంతు కాకపోయినా అడిగి వెళ్ళాను. టెక్కలి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆటో దిగాక గట్ల మీద నడక. మే నెల. ఉప్పు కుప్పల తెలుపుకి కళ్ళు మూసుకుపోతున్నాయి.

దాలమ్మత్త మడిలో నిలబడి పొడుగాటి కర్రకి బిగించిన చెక్క పలకతో ఉప్పు లాగుతోంది. నన్ను చూసి నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా లేచింది.

“పున్నయ్యా,” అని కేకేసింది. “గుంట వొచ్చినాది. మజ్జిగుంటే పట్రా.”

చుట్టుపక్కల ఎవరూ తల తిప్పలేదు. వాళ్ళకి అలవాటైపోయింది. కన్నమ్మ మాత్రం నా పక్కకొచ్చి, “ఇన్నావా? కొత్త పెల్లికూతురు గూడా అలగ పిలవదు,” అంది. “మా ముసిలోడు బతికుంటే నానూ ఊరంతా ఇనబడీలాగ పిలిసీదాన్ని. తప్పించుకున్నాడు.”

పున్నయ్య మావ మజ్జిగ చెంబు తెచ్చాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. మడిలోకి వచ్చే మనిషి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను తాగుతుంటే పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇన్నావేటి?”

“విన్నాను మావా.”

“మాగమాసం నుంచి. ముందు సగం మింగీసీది. ఇప్పుడు అవతల మడికి గూడా ఇనబడతాది.” తువ్వాలు భుజం మార్చుకున్నాడు. “నలబై ఒక్క ఏల్లకి. గుమ్మంలో ఒక్కపాలి ఇన్నాను, అదీ దోమ కూసినట్టు. నా పేరు ఇంత బాగుంటాదని నాకే తెల్దమ్మా.”

నేను చెంబు ఎత్తి ఖాళీ అయ్యేదాకా తాగాను. మాట్లాడకుండా ఉండటానికి.

మధ్యాహ్నం ఉప్పు కొట్టు నీడలో దాలమ్మత్తను కూర్చోబెట్టి పాత ప్రశ్నలే అడిగాను. మొదటి ఏడాది అడిగినవే. పోటు ఎప్పుడు ఎక్కువ, నీళ్ళు ఎప్పుడు పెట్టుకోవాలి, ఏ గట్టు ముందు తెగుతుంది. అన్నీ సరిగ్గానే చెప్పింది. చేతి వేళ్ళతో నేల మీద కాలవ గీసి చూపించింది.

“పున్నమికి పోటు ఎక్కువే. అమాసకి ఇంకా ఎక్కువ,” అంది.

పున్నమి అంది. ఎక్కడా ఆగలేదు.

“అత్తా, ఒకటి అడుగుతాను. మావ పేరు పలకకూడదంటారు కదా?”

“ఎవులన్నారు?”

ఆ మాటలో పొగరు లేదు, వేళాకోళం లేదు. నిజంగా అడుగుతోంది. నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది. తర్వాత తనే అంది.

“పేరున్నది పిలవడానికే గదేటి?”

పూస తుడిచి మళ్ళీ ఆవిడ మెడలో కట్టాను.

*

“ఈవిడ బాగానే ఉంది హైమా,” అన్నారు డాక్టరు గారు, తెర మీద దాలమ్మత్త గుర్తు చూస్తూ. ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలు. మందుకి పేర్లు పంపడానికి పన్నెండు రోజుల గడువుంది. నలభై మందికే మందు. జాబితాలో అప్పటికే ముప్పై ఆరు పేర్లు చేరాయి, అన్నీ వేరే ఊళ్ళవి. “మొత్తం ఖాళీలు తగ్గాయి. ఇలాంటి వాళ్ళు ఇంకో పదిమంది ఉంటే నాకు నిద్ర పట్టేది.”

“ఆవిడ మొగుడి పేరు చెప్తోంది మేడమ్.”

“మంచిదే కదా. కాలం మారింది. మా అమ్మ కూడా ఈ మధ్య మా నాన్నని పేరు పెట్టే పిలుస్తోంది.”

“మీ అమ్మగారు మానేశారు మేడమ్. ఈవిడ మరిచిపోయింది.”

డాక్టరు గారు కలం మూత పెట్టారు. “రెండింటికీ తేడా నువ్వెలా చెప్తావు?”

“మానేసినవాళ్ళకి మానేశామని తెలుసు. నేనడిగితే ఈవిడ ‘ఎవరన్నారు’ అంది.”

ఆవిడ నా వైపు చూశారు. కోపం లేదు, ఓపిక అయిపోయిన చూపు. “ఒక్క మాట పట్టుకుని ఒకరి పేరు ఎక్కించలేను. ఎక్కిస్తే ఇంకొకరి పేరు ఆగుతుంది. చూపించడానికి ఏదైనా ఉంటే తీసుకురా.”

నాకు గుర్తొచ్చింది. కత్తెర కత్తిరిస్తుందే కానీ పారెయ్యదు. తీసిన ముక్కలన్నీ ఒకచోట పడి ఉంటాయి. మూడేళ్ళుగా వాటిని ఎవరూ వినలేదు. అందులో ఏముంటుంది, నిశ్శబ్దమే కదా.

దాలమ్మత్తవి తొమ్మిది వందల పై చిలుకు ముక్కలున్నాయి. నాలుగు రోజులు పట్టింది. పొద్దున్న ఎనిమిదికి కూర్చుని సాయంత్రం బస్సు వేళకి లేచేదాన్ని. చివరికి వీధిలో ఎవరైనా మాట్లాడుతూ మధ్యలో ఆగితే నేనూ నడక ఆపి సెకన్లు లెక్కపెట్టేదాన్ని.

నిశ్శబ్దం ఖాళీగా ఉండదు. అందులో గాజులు ఒకదానికొకటి తగులుతాయి. ఊపిరి లోపలికి వెళ్ళి అక్కడే నిలబడుతుంది. ఒక్కోసారి చిన్న నవ్వు ఉంటుంది, పక్కన కన్నమ్మ కన్ను కొట్టి ఉంటుంది. ఒక రోజున వాళ్ళిద్దరూ దెబ్బలాడుకున్నట్టున్నారు, ఆ రోజు ఖాళీ బిగుసుకుని ఉంది. మావకి జ్వరం వచ్చిన వారంలో ఖాళీ పొడుగైంది. ప్రతిసారీ ఆ పేరు నోట్లోకి వచ్చి, పళ్ళ దాకా వచ్చి, అక్కడే ఉంటుంది. దాన్ని మింగి, ఆవిడ మా ఇంటాయన అంటుంది. ఎప్పుడూ వరసలో అందరికంటే చివర.

రెండున్నర సెకన్లు. మొదటి రెండేళ్ళూ కాస్త అటూ ఇటూగా అంతే. మూడో ఏడు కార్తీకంలో రెండు అయింది. పుష్యంలో ఒకటింబావు. మాఘంలో పేరు మొదటి సగం బయటికొచ్చింది. ఫాల్గుణంలో మొత్తం వచ్చింది, అయినా ముందు అర సెకను ఉంది. వైశాఖం వచ్చేసరికి అదీ లేదు, కత్తెరకి కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు. పేరు వరసలో చివరి నుంచి మధ్యకి వచ్చేసింది, గురువమ్మకీ సూరిబాబుకీ మధ్య, ఎవరిదో ఒకరి పేరులాగ. మడిలో నీళ్ళు ఇంకిపోవడం ఇలాగే ఉంటుంది. ఏ గంటా తేడా తెలియదు. సాయంత్రానికి అడుగు కనిపిస్తుంది.

అంకెలన్నిటినీ ఒక గీతగా గీసి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆవిడ దాని మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరిపారు. మళ్ళీ వెనక్కి వచ్చారు.

“జబ్బు మొదట తినేది ఇదే అన్నమాట,” అన్నారు. “పేర్లు కాదు. ఎందుకు ఆగాలో అది.”

గీత కిందికి దిగిన చోట ఆవిడ వేలు ఆగింది.

“దీన్ని ఎక్కడ వినకూడదో మనమే దానికి నేర్పాం.”

“నేను నేర్పాను మేడమ్.”

“నువ్వు చెప్పావు. నేను నమ్మాను.” కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “మిగతా ముప్పై ఏడు మందివి?”

వాటికి ఇంకో ఇద్దరు మనుషుల్నిచ్చారు. ఐదు రోజులు ముగ్గురం నిశ్శబ్దాలు విన్నాం. మరో ఇద్దరివి అలాగే ఇంకిపోతున్నాయి. అందులో గురువమ్మది గీత దాటి ఏడు నెలలైంది. ఆవిడకి ఆకుపచ్చ గుర్తు పెట్టింది నేను రాసిచ్చిన మొగుళ్ళ పేర్ల జాబితానే. డాక్టరు గారు దాలమ్మత్త పేరూ రెండో ఆవిడ పేరూ ఎక్కించారు. గురువమ్మ పేరు మీద కలం ఆపి, కాగితం తిరగేశారు.

మందు వేసేముందు ఇంట్లోవాళ్ళకి చెప్పాలి. నేనూ వస్తానన్నారు డాక్టరు గారు. వద్దన్నాను. గురువమ్మ కొడుక్కి మొదట చెప్పాను. ఆ మాటలు ఇక్కడ రాయలేను. తర్వాత గట్టు మీదికి వెళ్ళాను.

*

పున్నయ్య మావ తెగిన గట్టుకి బురద మెత్తుతున్నాడు. వర్షాలు దగ్గరపడ్డాయి. నేను పక్కన కూర్చుని, జల్లెడ గురించీ కత్తెర గురించీ చెప్పాను. ఆయన చెయ్యి ఆపకుండా విన్నాడు. ఆవిడ నీ పేరు ఎందుకు పిలుస్తోందో చెప్పినప్పుడు మాత్రం చేతిలో బురద ముద్ద అలాగే ఉండిపోయింది.

“నానేటనుకున్నానో తెలుసా?” అన్నాడు. “ముసిల్దానికి ఇన్నాలకి సిగ్గు ఇడిసిందనుకున్నాను.”

“సిగ్గు కాదు మావా.”

“ఆ. తెలస్తన్నాది.” ముద్దను గట్టుకి కొట్టి అరచేత్తో నున్నగా చేశాడు. అక్కర్లేనంత సేపు చేశాడు. “మందేస్తే మల్లీ పిలవడం మానేస్తాదా?”

“మానదు మావా. పోయింది తిరిగిరాదు. ఇప్పుడున్నది నిలబడుతుంది. నిన్ను గుర్తుపడుతుంది, పని గుర్తుంటుంది, పిల్లలు గుర్తుంటారు.”

“అంటే బతికినన్నాల్లూ పిలస్తానే ఉంటాది.”

“ఆ.”

“మరి ఎయ్యకపోతే?”

“కొన్నేళ్ళకి పేరు కూడా పోతుంది. తర్వాత మనిషి ఎవరో తెలియదు.”

కొంగ ఒకటి మడిలో వాలి, నీళ్ళలో ఏమీ లేదని తెలుసుకుని ఎగిరిపోయింది.

“నువ్వు ముందే సెప్పుంటే బాగున్ను,” అన్నాడు. నేను తల దించుకున్నాను. “తప్పని కాదే అమ్మా. మొన్న నీకు మజ్జిగ తెచ్చిన రోజుకి తెలిసుంటే, ఆ సొక్కా ఏసుకోకపోదును.”

సాయంత్రం వాళ్ళింటి అరుగు మీద దాలమ్మత్తకీ చెప్పాం. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ వింది.

“నాకేటి మరుపు? మరిసిపోతన్నది ఇతగాడు. మొన్న గొడుగు మరిసిపోనాడు. పున్నయ్యా, సెప్పవేటి?”

మావ గొడుగు కేసి చూశాడు. అది గోడకి ఆనించి ఉంది. “అవును. నానే మరిసిపోనాను,” అన్నాడు.

“మరి మందు నాకెందుకు?”

“నాకోసం ఏయించుకో.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, చేట పక్కన పెట్టింది. “నువ్వేయించుకోమంటే ఏయించుకుంటాను. దానికింత మొగం పెట్టాలా?”

మందుకి కూడా గొంతుతో ఒప్పుదల చెప్పాలి. పూసను నోటి దగ్గరికి తీసుకుంది. “నా పేరు దాలమ్మ. మాది ఉప్పలపేట. మా ఆయన పేరు పున్నయ్య. నా ఇస్టం మీదే ఏయించుకుంటన్నాను.” ఎక్కడా ఆగలేదు. బడిలో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, సరిపోయిందా అన్నట్టు నాకేసి చూసింది.

సరిపోయిందన్నాను. మావ లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

*

మూడు విడతల మందూ పూర్తయ్యేసరికి శ్రావణం వచ్చింది. మళ్ళన్నీ వాన నీటితో నిండాయి. ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పారు. జల్లెడకిప్పుడు కత్తెర లేదు. ఎర్ర గుర్తులు మళ్ళీ ముప్పై దాకా వచ్చాయి. ఏది ఆగడమో, ఏది మరుపో ఒక్కొక్కటీ మేం విని చెప్పాలి. పని మూడింతలైంది. మొన్న ఒక పిల్ల కొత్తగా చేరింది. నిశ్శబ్దం వినమంటే మొదటిరోజు నవ్వింది. మూడో రోజు నుంచి నవ్వడం లేదు.

దాలమ్మత్త గుర్తు ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. గట్టు నిలబడింది.

ఉప్పు కొట్టులో బల్ల వేసుకుని పూసలు తుడుస్తుంటే పున్నయ్య మావ వచ్చాడు. గొడుగు మూసి బల్లకి ఆనించి, ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. పాత చొక్కాలోనే ఉన్నాడు.

“పాతయి ఉంటాయేటి నీకాడ?”

“ఏవి మావా?”

“పిలవనియి.”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఉన్నాయన్నాను.

“ఒకటి ఇనిపించు.”

హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టాను. మొదటి ఏడాదివి నాకు దాదాపు కంఠతా వచ్చు. వాటిల్లో ఒకటి తీశాను. మామూలు రోజుది. దెబ్బలాట లేదు, జ్వరం లేదు. బయటికి నాకేమీ వినిపించదు, కానీ ఎక్కడ ఏముందో తెలుసు. కన్నమ్మ. గురువమ్మ. సూరిబాబు. అక్కడ గాజులు. ఊపిరి. రెండున్నర సెకన్లు. మా ఇంటాయన.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“మల్లీ ఎయ్యి.”

వేశాను. మూడోసారి నేనే వేశాను, ఆయన అడగలేదు. ఖాళీ వచ్చే చోట ఆయన బొటనవేలు మోకాలి మీద కొద్దిగా కదిలింది, ఎదురొచ్చే మనిషిని గుర్తుపట్టినట్టు.

“సివర్న పెట్టీది నన్ను,” అన్నాడు. ఆయన చెవులు మూసి ఉన్నాయి కాబట్టి గట్టిగానే అన్నాడు. “అందరి తరవాత.”

బయట తాటాకులు గాలికి లేస్తున్న చప్పుడు. కాలవ గట్టు మీంచి దాలమ్మత్త కేక వినిపించింది.

“పున్నయ్యా. వానొస్తన్నాది. ఆకు ఎగిరిపోతన్నాది, రావేటి?”

ఆయనకి వినపడలేదు. నేను చెయ్యి చూపించాను. హెడ్‌ఫోన్లు తీసి, వాటిని రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నాకే ఇచ్చాడు.

“వొస్తన్నా,” అన్నాడు గుమ్మంలోంచి. మామూలు గొంతు. ఆవిడకి ఏ తేడా తెలియదు. వంగి బయటికి నడిచి, చినుకుల్లో గట్టెక్కాడు.

గొడుగు బల్ల పక్కనే ఉండిపోయింది. నేను దాన్ని తీసుకుని గుమ్మం దాకా వెళ్ళేసరికి ఆవిడ అక్కడి నుంచే మళ్ళీ పిలిచింది, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

“పున్నయ్యా, గొడుగు.”